సవరణ: కుక్కల్లో పిడుదుల జ్వరం

విశాఖ కుక్కల పిడుదుల జ్వరం గురించి మొన్న రాసినదాంట్లో "రక్తం స్లైడులో క్రిమి కనబడకపోతే టెన్షన్ అక్కర్లేదు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. ఈ జ్వరం తెచ్చే ఎర్లిషియా అనే బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నా స్లైడులో చాలాసార్లు దొరకదు. చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారి, ప్లేట్‌లెట్లు పడిపోతే పీసీఆర్ గానీ యాంటీబాడీ పరీక్ష గానీ చేయించాల్సిందే.

ఎర్లిషియాకు ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. నాలుగు రోజులకే తోకాడిస్తూ పెరుగన్నం లాగించేస్తోంది కదా అని చాలామంది ఆపేస్తారు, అక్కడే వస్తుంది తంటా. మాత్ర తిండితో వేయండి, ఖాళీ కడుపున కక్కేస్తుంది. పిడుదుల వల్లే వచ్చే మరో క్రిమి బెబీసియా అయితే మందే వేరు.

మన ఉక్కలో పిడుదులకు సీజనంటూ ఉండదు. చెవి మడతలు, వేళ్ల సందులే కాదు, గోడ పగుళ్లూ చూడండి, గుడ్లు పెట్టేది అక్కడే.