‘టెన్షన్ తగ్గించుకో’ అంటే వైద్యం అయిపోయినట్టేనా?

సోరియాసిస్, ఎగ్జిమా లాంటి చర్మవ్యాధులు ఉన్నవాళ్లకు ఉచితంగా దొరికే సలహా ఒకటుంది: ‘టెన్షన్ పడకు, దానివల్లే ఇది పెరుగుతుంది.’ ఇందులో అబద్ధం లేదు. ఒత్తిడితో ఈ జబ్బులు ముదురుతాయని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కానీ ఆ మాట విన్న మనిషి సంగతేమిటి? మచ్చ కనబడితే దిగులు. దిగులు పడితే మచ్చ పెరుగుతుందని భయం. పెరిగిందా, తప్పు తనదే! రాత్రంతా దురదతో కంటిమీద కునుకు లేనివాణ్ణి పొద్దున్నే ప్రశాంతంగా ఉండమనడం ఎంత సులువో. ఇంత చెప్పాక చీటీలో రాసేది మాత్రం ఆయింట్‌మెంట్ ఒక్కటే.

13 ఐరోపా దేశాల చర్మవ్యాధుల క్లినిక్‌లలో జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. రోగుల్లో 10.1 శాతం మందికి డిప్రెషన్ ఉంది, పోల్చి చూసిన మిగతావాళ్లలో 4.3 శాతమే. అయినా మనసు ఎలా ఉందని అడిగే డాక్టర్లు తక్కువ. రోగి జీవితంపై చర్మవ్యాధి ప్రభావాన్ని కొలవడానికి 1994 నుంచి వాడుతున్న పది ప్రశ్నల పత్రం ఒకటుంది. దురద, సిగ్గు, బట్టలు, ఉద్యోగం, ఆఖరికి దాంపత్యం గురించి కూడా అడుగుతుంది. బతకాలనిపిస్తోందా అని మాత్రం అడగదు.

చర్మం నయమైతే మనసూ కుదుటపడుతుందని కొందరు డాక్టర్ల వాదన. కొంతవరకు నిజమే, కొత్త ఇంజెక్షన్లతో మచ్చలు పోయి ఊపిరి పీల్చుకున్నవాళ్లున్నారు. కానీ ఇవి మళ్లీ తిరగబెట్టే జబ్బులు. చర్మం శుభ్రంగా ఉన్న రోజుల్లోనూ పొడుగు చేతుల చొక్కా వదలని మనిషికి ఆ వాదన దగ్గర జవాబు లేదు.

అసలు లోపం వైద్యం పట్టుకున్న కొలబద్దలోనే ఉంది. చంపే జబ్బే పెద్ద జబ్బు, మిగతావన్నీ సర్దుకుపోవాల్సినవి. మైగ్రేన్, నడుంనొప్పి, బొల్లి, అన్నిటికీ ఒకటే ఓదార్పు: ‘ప్రాణానికేం ఫర్వాలేదు.’ ప్రాణం ఉన్నన్నాళ్లూ జబ్బుతో కాపురం చేయాల్సింది ఎవరు? సోరియాసిస్ రోగులపై చిన్నచూపును ఎదుర్కోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు కలిసే ప్రపంచ ఆరోగ్య మహాసభ 2014లోనే తీర్మానించింది. తీర్మానాలకేం, బోలెడు.

కావలసింది చాలా చిన్నది. గత రెండు వారాల్లో దిగులుగా ఉందా, పనుల మీద ఆసక్తి పోయిందా అని ప్రతిసారీ అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు నిమిషం చాలు. అవునంటే, ఆయింట్‌మెంట్ రాసే చీటీలోనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమనీ రాయాలి.