ముందు సీట్లు లెక్కపెట్టండి, తర్వాత దేశం అడగండి

మోడల్ యూఎన్ సదస్సు అంటే పిల్లలు ఒక్కో దేశం ప్రతినిధులుగా (డెలిగేట్లుగా) కూర్చుని ఐక్యరాజ్యసమితి సమావేశాల్ని అనుకరించే పోటీ. దానికి స్కూలు డెలిగేషన్‌ను, అంటే ప్రతినిధుల బృందాన్ని, నమోదు చేసే ఫారంలో ‘డెలిగేట్ల సంఖ్య’ అనే చిన్న గడి ఒకటి ఉంటుంది. దాన్నెవరూ పెద్దగా పట్టించుకోరు. పిల్లలూ తల్లిదండ్రులూ పట్టుబట్టేదంతా దాని కిందుండే దేశాల జాబితా దగ్గరే. అమెరికా కావాలి, కాకపోతే చైనా, కనీసం ఫ్రాన్స్. సంఖ్య గడిలో మాత్రం ఎవరో ఒకరు ఉజ్జాయింపుగా 20 అని కొట్టేస్తారు. ఇది తలకిందుల వ్యవహారమని నా అభిప్రాయం. ఏ దేశం వస్తుందో, ఎంత ఫీజు కట్టాలో, పిల్లల వెంట ఎందరు పెద్దలు వెళ్లాలో, ఎన్ని గదులు తీసుకోవాలో అన్నీ ఆ చిన్న గడిలోంచే పుడతాయి.

ఎందుకో చూడండి. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 193 సభ్యదేశాలు. దాని ప్రధాన కమిటీలు ఆరింటిలోనూ ప్రతి దేశానికీ చోటుంటుంది. ఆర్థిక సామాజిక మండలిలో మాత్రం ఉన్నవి 54 సీట్లే, మానవ హక్కుల మండలిలో 47, భద్రతా మండలిలో 15. అందుకని సదస్సులో అన్ని దేశాలకూ ఒకే లెక్కన సీట్లు రావు. ఒక సదస్సులో సర్వప్రతినిధి సభ కమిటీలు నాలుగు పెట్టి, ఒక్కోదానికి దేశానికి ఇద్దరేసి డెలిగేట్లను కూర్చోబెడుతున్నారనుకుందాం. మానవ హక్కుల మండలికి, భద్రతా మండలికి ఒక్కొక్కరే. రెండు మండళ్లలోనూ సభ్యత్వమున్న దేశానికి 10 సీట్లు వస్తాయి. రెండిట్లోనూ లేనిదానికి 8. ఇప్పుడు మీ ఫారంలో 14 అని రాశారు. నిర్వాహకులు ఏం చేయాలి? 8 సీట్ల దేశం ఒకటిచ్చి, మిగతా ఆరుగురినీ ఇంకో దేశంలో సర్దుతారు. ఆ రెండో దేశంలో రెండు సీట్లు మిగిలిపోతాయి. వాటిని ఇంకో స్కూలుతో పంచుకోమంటారు, లేదా మీరే ఇంకో ఇద్దర్ని తెచ్చుకోమంటారు. అదే 16 అని రాసి ఉంటే రెండు దేశాలు నిక్కచ్చిగా సరిపోయేవి. కాబట్టి ఫారం తెరవకముందే కమిటీల పట్టిక తెచ్చుకోండి. ఏ దేశానికి ఏ కమిటీలో చోటుందో చూపించే ఆ పట్టికను చాలా సదస్సులు ముందే ఇస్తాయి. ఇవ్వకపోతే అడగండి, మొహమాటం అక్కర్లేదు.

పట్టిక చూసేటప్పుడు ఒక మెలిక. భద్రతా మండలిలో ఎన్నికైన పది దేశాల పదవీకాలం రెండేళ్లు. ఏటా జనవరి 1న ఐదు దిగిపోతాయి, ఐదు కొత్తవి వస్తాయి. సదస్సు జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఉండి, నమోదు అంతకు ముందే జరిగితే, నిర్వాహకులు పాత జాబితా వాడుతున్నారా కొత్తదా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. లేకపోతే భద్రతా మండలి కోసమే కోరుకున్న దేశానికి అక్కడ కుర్చీ ఉండదు.

ఇక పెద్ద దేశాల మోజు. భద్రతా మండలిలోని ఐదు శాశ్వత సభ్యదేశాల్లో దేని తరఫున కూర్చున్నా డెలిగేట్ నోరు మెదపక తప్పదు. ప్రతి బృందమూ తీర్మానం ముసాయిదా పట్టుకుని అక్కడికే వస్తుంది. వీటో (తీర్మానాన్ని ఒక్క ఓటుతో అడ్డుకునే హక్కు) ఎప్పుడు వాడాలో, వాడతానన్న బెదిరింపుతోనే ఎప్పుడు పని జరుపుకోవాలో తెలియని పిల్లవాడు ఆ కుర్చీలో ఇరుక్కుంటే కమిటీ మొత్తం కుంటుపడుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ దేశాలు అడగడం పిల్లల మీద ప్రేమతో చేసే పొరపాటు. పైగా వాటిని సాధారణంగా అనుభవమున్న పెద్ద డెలిగేషన్లకే ఇస్తారు, కోరికల జాబితాలో మొదటి మూడు వరసలూ వాటితో నింపితే ఆ మూడూ వృథా.

చిన్న దేశమంటే మాట్లాడటానికి ఏమీ ఉండదనుకుంటారు. వనౌటు సంగతే చూడండి. వాతావరణ మార్పుపై దేశాల బాధ్యతలేమిటో చెప్పమని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని కోరే తీర్మానానికి ముందు నిలబడింది ఈ పసిఫిక్ ద్వీపదేశమే. 2023 మార్చిలో సర్వప్రతినిధి సభ దాన్ని ఓటింగ్ లేకుండానే ఆమోదించింది, 2025 జులైలో న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. సముద్రగర్భం మానవజాతి ఉమ్మడి వారసత్వమన్న వాదనను 1967లో సభ ముందు పెట్టింది మాల్టా రాయబారి అర్విద్ పార్దో. కమిటీ ఎజెండాలో వాతావరణమో సముద్రమో ఉంటే, కొత్త పిల్లలకు ఇలాంటి దేశాలు బంగారం. చదవాల్సింది ఎంతో స్పష్టంగా ఉంటుంది, వైఖరిలో మెలికలు తక్కువ. కోరికల జాబితా ఎజెండాను బట్టి రాయాలి, పేరు ప్రతిష్ఠలను బట్టి కాదు. పరిశీలక హోదా ఉన్న వాటికన్ లాంటిదాన్ని ఇస్తే మాత్రం ఓటు హక్కు నియమాలు ముందే చదివించండి, తీర్మానాల మీద ఓటు లేదని అక్కడికెళ్లాక తెలిసి పిల్లలు నీరుగారిపోతారు.

మళ్లీ సంఖ్య దగ్గరికి. చెయ్యెత్తిన పిల్లలందరినీ లెక్కేయకండి. పరీక్షల తేదీలు ముందు పెట్టుకుని, తల్లిదండ్రుల సంతకమూ మొదటి విడత డబ్బూ చేతికొచ్చిన పేర్లనే లెక్కించండి. ఇంకో ఇద్దరు చేరతారేమోనని ముందే పెంచి రాయడం చాలా స్కూళ్ల అలవాటు. నేనైతే తగ్గించే రాయమంటాను. తర్వాత చేర్చాలంటే వెయిట్‌లిస్టులో నిలబడాలి, ఆలస్య రుసుము కట్టాలి, చోటు దొరక్కపోనూవచ్చు, నిజమే. కానీ గడువు దాటాక పేరు తీసేస్తే కట్టిన డబ్బు సాధారణంగా వెనక్కి రాదు, అక్కడ ఖాళీ కుర్చీ మిగులుతుంది. ఆ కుర్చీ నష్టం మీ ఒక్కరిదే కాదు. భద్రతా మండలిలో ఏ తీర్మానమైనా నెగ్గాలంటే 9 అనుకూల ఓట్లు పడాలి. 15 మందిలో ముగ్గురు రాకపోయినా ఆ 9 తగ్గదు. మిగిలిన 12 మందిలో నలుగురు తటస్థంగా ఉంటే చాలు, ఎవరూ వ్యతిరేకించకుండానే తీర్మానం వీగిపోతుంది. అందుకే ఒక్కరే కూర్చునే చిన్న కమిటీలకు తప్పకుండా వస్తారన్న పిల్లల్ని పంపాలి. ఊగిసలాడేవాళ్లకు ఇద్దరు కూర్చునే సర్వప్రతినిధి సభ కమిటీలే మేలు, ఒకరు రాకపోయినా దేశం గొంతు ఉంటుంది.

డబ్బు సంగతి చిన్నదే గానీ చికాకు పెడుతుంది. ఫీజు మామూలుగా రెండు ముక్కలు: స్కూలుకు ఒకటి, తలకు ఒకటి. వేరే దేశం నుంచి బ్యాంకు ద్వారా పంపితే మధ్యలో బ్యాంకులు కోసుకున్న ఛార్జీల వల్ల నిర్వాహకులకు కొంత తక్కువ చేరుతుంది. ఇన్‌వాయిస్ ‘బాకీ ఉంది’ అనే చూపిస్తుంది, డబ్బు పూర్తిగా అందితే తప్ప దేశం కేటాయించని సదస్సుల్లో మీ వరస వెనక్కి పోతుంది. ఛార్జీలన్నీ పంపేవారే భరించేలా పంపి, రసీదు మీద స్కూలు పేరూ ఇన్‌వాయిస్ నంబరూ రాయించండి.

సదస్సు నమోదు ఖాతా ఒక టీచరు సొంత ఈమెయిల్ మీద తెరవొద్దు. ఆవిడ సెలవులో ఉన్న వారమే కేటాయింపు వస్తుంది. ఇద్దరు పెద్దలు రోజూ చూసే ఉమ్మడి చిరునామా ఒకటి పెట్టుకోండి. ఒకే స్కూలును టీచరొకరు, ఉత్సాహవంతుడైన విద్యార్థొకరు వేర్వేరుగా నమోదు చేయడమూ జరుగుతుంటుంది. అప్పుడు రెండు ఇన్‌వాయిస్‌లు వస్తాయి, దేశం ఒకదానిమీద, డబ్బు రెండోదానిమీద. విదేశీ ప్రయాణముంటే ఇంటిపేరు గడిలో, పేరు గడిలో పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి. వీసా కోసం ఇచ్చే ఆహ్వాన పత్రంలో ఆ అక్షరాలే వస్తాయి.

నమోదుకు ముందు నియమావళి కూడా ఓసారి తిరగేయండి. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో జరిగే మోడల్ యూఎన్ సదస్సు పద్ధతిలో నడిచేచోట పిల్లలు ముసాయిదా తీర్మానాలు ఇంటి దగ్గరే రాసుకుని వస్తారు. ఇంకొన్ని సదస్సుల్లో అలా రాసి తేవడం నిషేధం, పట్టుబడితే అవార్డు మాట మరచిపోవాల్సిందే. పొజిషన్ పేపర్ (ఎజెండాపై తమ దేశం వైఖరిని ముందే రాసి పంపే పత్రం) గడువు దాటితే అవార్డుకు అర్హత పోయే చోట్లూ ఉన్నాయి. ఒకదానికి తయారైన పిల్లల్ని రెండోదానికి తీసుకెళ్తే ఆ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

పేర్ల జాబితా మూసే రోజున ఒక్కో కమిటీ పక్కన పేరు, దేశం, మారుగా వెళ్లగల మరొకరి పేరు రాసి దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందురాత్రి ఎవరికైనా జ్వరం వస్తే ఆ రాత్రే సదస్సు నిర్వాహకుల సెక్రటేరియట్‌కు ఈమెయిల్ పెట్టండి: ఏ దేశం, ఏ కమిటీ, సీటు ఖాళీయా, మారు మనిషి వస్తున్నారా. పొద్దున్నే దేశం పేరున్న ప్లకార్డు వెనక కుర్చీ ఖాళీగా కనపడకముందే కమిటీని నడిపే చైర్‌కు ఆ కబురు చేరాలి.