ఆకుపచ్చ ప్లేటు, రామగుండం బొగ్గు

హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఒకటైనా కనిపిస్తుంది. పక్కన పాత ఆటో గుడగుడలాడుతూ పొగ కక్కుతుంటే, ఆ కారు చడీచప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది. పర్యావరణానికి మన వంతు మేలు చేశామన్న తృప్తి కొన్నవారికి ఉండటం సహజమే. వాట్సాప్‌లో తిరిగే మాట వేరు: ‘కరెంటు వచ్చేది బొగ్గు నుంచే కదా, ఇక ఒరిగిందేముంది?’ అని. తృప్తిపడేవారు ఒకసారి రామగుండం వెళ్లి రావాలి. వెక్కిరించేవారు కాగితం, పెన్సిలు తీసి లెక్క వేయాలి.

ముందు రామగుండం. అక్కడ ఎన్టీపీసీ పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లది. దాని పక్కనే తెలంగాణ కోసం కట్టిన మరో 1,600 మెగావాట్లున్నాయి. బొగ్గు ప్రధానంగా చుట్టుపక్కల సింగరేణి గనులది. ఓపెన్‌కాస్టు గనుల దగ్గరి ఊళ్లలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు గోడలు అదురుతాయి, వంటింట్లో అరల మీది గిన్నెలు గలగలమంటాయి. దండెం మీద ఆరేసిన బట్టల్ని దులిపి తీస్తే కానీ మడతపెట్టలేరు. మాదాపూర్‌లో రాత్రి పదింటికి ప్లగ్ పెట్టిన కారు పొగ లేచేది ఇలాంటి చోట్లే. నడిబజార్లో జనం ముక్కుల ముందు వదిలే పొగ కన్నా, ఎత్తయిన చిమ్నీ నుంచి పోయే పొగ నగరవాసి ఊపిరితిత్తులకు మేలే, కాదనలేం. కానీ ఆ మేలు హైదరాబాద్‌ది, బూడిద రామగుండానిది.

ఇక లెక్క. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో 15 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే కారు కిలోమీటరుకు 150 గ్రాములకు కాస్త పైగా వదులుతున్నట్టు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 700 గ్రాములు దాటుతోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ గణాంకాలు చెబుతున్నాయి. యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడిచే ఎలక్ట్రిక్ కారు పద్దులో కిలోమీటరుకు 110 గ్రాముల దాకా పడుతుంది. లైన్లలో, చార్జింగ్‌లో వృథా అయ్యే కరెంటును ఇటు కలిపితే, ముడిచమురును ఓడల్లో తెచ్చి శుద్ధి చేయడంలో వచ్చే కార్బన్‌ను అటూ కలపాలి. ఎలా చూసినా ఎలక్ట్రిక్ కారుదే పైచేయి, కాకపోతే ఆ తేడా 40 గ్రాముల చుట్టూనే. ఐసీసీటీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2021లో తయారీ మొదలు తుక్కు వరకు అంతా కలిపి చూసింది. మన దేశంలో ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు పెట్రోలు కారు కన్నా 19 నుంచి 34 శాతం తక్కువని తేల్చింది. ఐరోపాలో అదే తగ్గుదల 66 నుంచి 69 శాతం. కార్లు ఇంచుమించు ఒకలాంటివే, తేడా ప్రధానంగా ప్లగ్ వెనకున్న తీగలో ఉంది.

అసలు సంగతి ఇంకొకటుంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఎలక్ట్రిక్ కారు షోరూం నుంచే అప్పుతో బయటికొస్తుంది. 40 యూనిట్లు పట్టే బ్యాటరీ తయారవడానికే రెండున్నర నుంచి నాలుగు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి ఉంటుంది. మూడు టన్నులే అనుకుందాం. కిలోమీటరుకు 40 గ్రాముల చొప్పున ఆ బాకీ తీరాలంటే 75 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు నూటయాభై కిలోమీటర్లు తిప్పే క్యాబ్ డ్రైవరు ఏడాదిన్నరలో తీర్చేస్తాడు. ఏడాదికి పది వేలు తిరిగే ఉద్యోగికి ఏడున్నరేళ్లు పడుతుంది. ఇంట్లో రెండో కారుగా కొని, పెళ్లికో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకో మాత్రమే బయటికి తీసే కారుకైతే బాకీ తీరేసరికి ముసలితనం వచ్చేస్తుంది. ఈ అంకెలు కాస్త అటూఇటూ కావచ్చు కానీ వరస మాత్రం మారదు. ఎలక్ట్రిక్ బండి మంచిదా కాదా అన్నది దాన్ని ఎవరు, ఎంత తిప్పుతున్నారన్న దాన్నిబట్టే ఉంటుంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన ఎలక్ట్రిక్ వాహనాల (ఈవీ) విధానానికి ఈ వరస పట్టలేదు. 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఆటోకూ అదే, అరవై లక్షల కారుకూ అదే. ఎన్ని బండ్లకన్న పరిమితీ లేదు. 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకైతే లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) ధరలో 18 శాతానికి తగ్గదు. అంటే అరవై లక్షల ఎలక్ట్రిక్ కారు ఒక్కటి అమ్ముడైతే ఖజానా వదులుకునేది పది లక్షల పైమాటే. ఆ సొమ్ముతో ఎంతమంది ఆటోవాలాలకు డౌన్ పేమెంట్ కట్టవచ్చో లెక్కేస్తే కడుపు మండుతుంది. ఈ విషయంలో కేంద్రం కొంత నయం. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు. ద్విచక్ర వాహనాలు, ఆటోలు, బస్సులు, లారీలు, అంబులెన్సులకే దాన్ని పెట్టింది. అయితే జీఎస్టీ దగ్గరికొచ్చేసరికి కేంద్రానిదీ అదే దారి, ఎంత ఖరీదైన ఎలక్ట్రిక్ కారైనా 5 శాతమే.

డబ్బు ఎటు పోవాలో తెలియాలంటే అలిపిరి నుంచి తిరుమలకు ఎలక్ట్రిక్ బస్సెక్కి చూస్తే చాలు. 2022 సెప్టెంబరులో అక్కడ ఇవి మొదలయ్యాయి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు డీజిల్ బస్సు మూలుగూ లేదు, కిటికీలోంచి వచ్చే ఆ కమురు వాసనా లేదు. దిగేటప్పుడు డ్రైవరు వేగం తగ్గించిన ప్రతిసారీ మోటారే జనరేటరుగా మారి, ఎక్కడానికి ఖర్చయిన కరెంటులో కొంత తిరిగి బ్యాటరీలో వేస్తుంది. డీజిల్ బస్సులో ఆ శక్తి అంతా వేడిగా పోయేది. ఆర్టీసీ డీజిల్ బస్సు లీటరుకు ఇచ్చేది ఐదు కిలోమీటర్ల చుట్టూనే. రోజంతా తిరిగి, ఒక్కో ట్రిప్పుకు యాభై మందిని మోసే అలాంటి బండి ఎలక్ట్రిక్‌కు మారితే వచ్చే లాభం ముందు సెల్లార్‌లో నిద్రపోయే కారు ఏ లెక్కలోకీ రాదు. పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 బస్సులు ఎంత త్వరగా రోడ్డెక్కితే అంత మంచిది.

చార్జింగ్ వేళలూ అంతే ముఖ్యం. దేశంలో బొగ్గు, గ్యాసులతో పనిలేని విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025లో 50 శాతానికి చేరిందని గొప్పగా చెప్పుకున్నాం. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ పలకలు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాయి, సరిగ్గా అప్పుడే కార్లు ఇళ్లకు చేరి ప్లగ్‌కు తగులుకుంటాయి. ఓర్వకల్లు సోలార్ పార్కు మిట్టమధ్యాహ్నం కరెంటు కురిపిస్తుంటే, మన ఎలక్ట్రిక్ కార్లు గచ్చిబౌలి సెల్లార్లలో ఊరికే పడి ఉంటాయి. చార్జింగ్ స్టేషన్లకు ఇచ్చే కరెంటు ధర ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు తక్కువగా, మిగతా వేళల్లో ఎక్కువగా ఉండాలని కేంద్రం 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఆఫీసు పార్కింగుల్లో పగటిపూట చార్జింగ్ సదుపాయం లేనిదే ఆ తగ్గింపు వల్ల ఉద్యోగికి ఒరిగేది తక్కువ. ఐటీ కంపెనీలు మొక్కలు నాటి ఫొటోలు దిగే ఉత్సాహంలో పదో వంతు దీనిమీద పెడితే బాగుండు.

బ్యాటరీ ముడిసరుకు గురించిన ఆందోళన నిజమైనదే కానీ కాస్త పాతబడింది. కాంగో గనుల నుంచి వచ్చే కోబాల్టు లోహం అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీయే మన రోడ్ల మీది చాలా కార్లలో ఉంది. భయమల్లా చివరి అంకం గురించి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన బ్యాటరీల బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. కాగితం మీద బాగానే ఉంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీలను ఊరి చివర పగలగొట్టి, సీసం కరిగించుకుని, యాసిడ్‌ను మురిక్కాలువలో వంపే పద్ధతినే మనం ఇంతవరకు అరికట్టలేకపోయాం.

పన్ను మాఫీ గడువును పొడిగించే ముందు ప్రభుత్వం దానికి ధర పరిమితి పెట్టాలి. అలా మిగిలే సొమ్మును ఆటోలు, క్యాబులు ఎలక్ట్రిక్‌కు మారడానికి వడ్డీ రాయితీగా ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్క సాకెట్ పెట్టుకుంటామంటే ‘మంటలు వస్తే?’ అని అడ్డుపడే సంఘాలను ఒప్పించడానికి ఎలాగూ టైం పడుతుంది. ఆటో స్టాండు పక్కన చార్జింగ్ పాయింటు పెట్టడానికి మాత్రం మున్సిపాలిటీ, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఏ అసోసియేషన్ ప్రెసిడెంటునూ బతిమాలనక్కర్లేదు.