వెనిగర్ కోసం వెళ్లిన కుర్రాడు: ఇరేజర్‌హెడ్స్ పాటల లోగుట్టు

ఫిలిప్పీన్స్ రాక్ బృందం ఇరేజర్‌హెడ్స్ గురించి ఎవరు రాసినా ముందు 'ఫిలిపినో బీటిల్స్' అనేస్తారు. అది మెచ్చుకోలే గానీ దానివల్ల తెలిసేదేమీ లేదు. మూడు దశాబ్దాలు దాటినా మనీలా వీడియోకేల్లో (తెరమీద మాటలు చూస్తూ మైకులో పాడుకునే కరోకేల్లో) ఆ పాటలు ఎందుకు అరిగిపోలేదో ఆ పోలిక చెప్పదు. వైద్యవిద్యకు దావావో, మనీలా వెళ్లిన తెలుగు విద్యార్థుల చెవిన కూడా ఈ పాటలు ఎక్కడో ఒకచోట పడే ఉంటాయి. కథ అసలు మొదలైంది ఆ బృందానికి ఒక పని చేతకాకపోవడంతో.

క్వెజోన్ సిటీలోని ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం దిలీమన్ క్యాంపస్‌లో 1989లో ఈ నలుగురూ కలిశారు. ఎలీ బ్వెండియా పాట, గిటార్. మార్కస్ అడోరో గిటార్, బడ్డీ జబాలా బేస్, రైముండ్ మరాసిగన్ డ్రమ్స్. పరాయి పాటలను ఉన్నదున్నట్టు వాయించడం వీళ్లకు సరిగా రాలేదు. దాంతో సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. పాటల్లో పాప్ తనం చాలలేదని రికార్డు కంపెనీ తిప్పి పంపితే, 1991లో తామే చేసుకున్న క్యాసెట్‌కు 'పాప్-యు!' అని పేరు పెట్టి బదులు తీర్చుకున్నారు. తొలి ఆల్బమ్ 'అల్ట్రాఎలక్ట్రోమాగ్నెటిక్‌పాప్!' 1993లో వచ్చింది. ఆ పేరు వోల్టెస్ ఫైవ్ అనే జపాన్ కార్టూన్‌లో రోబో వాడే ఆయుధానికి పేరడీ. 1979లో మార్కోస్ ప్రభుత్వం నిషేధించిన కార్టూన్ అది. దాన్ని సగంలో పోగొట్టుకున్న పిల్లలే పెద్దయి ఈ క్యాసెట్ కొన్నారు.

అభిమానులకు రుచించకపోయినా ఇక్కడ ఒక చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1987 జులైలో అప్పటి అధ్యక్షురాలు కొరజోన్ అకీనో ఇచ్చిన 255వ కార్యనిర్వాహక ఉత్తర్వు ప్రకారం, సంగీతం వినిపించే ప్రతి రేడియో కేంద్రం గంటకు కనీసం 4 ఫిలిపినో పాటలు వేయాలి. ప్రతిభ ఒక్కటే తలుపులు తెరిచిందనడం సగం నిజమే. కాకపోతే ఆ ఉత్తర్వు అందరికీ ఒకటే. దాన్ని ఇంతగా వాడుకున్నది మాత్రం వీళ్లే.

ఎలా? పాటలోకి ఏ వస్తువు రావాలో వాళ్లకు బాగా తెలుసు. ఒక పాటలో కుర్రాడు ఆలింగ్ నేనా కిరాణా కొట్టుకు వెళ్లేది వెనిగర్ కొనడానికి. అక్కడ ఆమె కూతురు కనబడుతుంది. 'లిగాయా'లో ప్రేమికుడు చందమామను తెచ్చిస్తానని అనడు, నీ థీసిస్ కూడా నేనే రాసిపెడతానంటాడు. 'మగసిన్'లో పాత ప్రియురాలు బక్లరన్‌లోని ఒక దుకాణంలో పత్రిక బొమ్మగా ప్రత్యక్షమవుతుంది, పసుపు బట్టల్లో, ఆకుపచ్చ జుట్టుతో. బాధ ఉంటుంది గానీ ఏడుపు ఉండదు. అదే బాధను అప్పటి బల్లాడ్ (నెమ్మదైన ప్రేమగీతాల) గాయకుడి చేతికిస్తే గొంతు చించుకునేవాడు. ఎలీ గొంతులో ఆ విన్యాసాలు లేవు. పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. అందుకే గొంతు అంతంతమాత్రంగా ఉన్నవాడు కూడా ధైర్యంగా మైకు అందుకుంటాడు.

ఇక 1995 నాటి 'కటర్‌పిల్లో' ఆల్బమ్‌లోని 'అంగ్ హులింగ్ ఎల్ బింబో'. 1997లో ఎంటీవీ ఆసియా వీక్షకుల పురస్కారం దీని వీడియోకే దక్కింది. గిటార్ నేర్చుకునే ప్రతి ఫిలిపినో పిల్లవాడూ దీన్ని తడుముతాడు, చాలామంది ఒకేచోట తప్పుతారు. చరణంలో కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరస జి, ఎ7, సి, మళ్లీ జి. ఎ7కు బదులు ఎ మైనర్ పట్టుకుంటే వేళ్లకు సుఖం, చెవికి పెద్ద తేడా తెలియనట్టే ఉంటుంది. పాట మాత్రం చప్పబడుతుంది. కారణం మన స్వరాల్లో చెబితే తేలిక. జిని షడ్జం అనుకుంటే, మొదటి కార్డులో పంచమం, ఎ7లో ప్రతి మధ్యమం, సిలో శుద్ధ మధ్యమం, తిరిగి జిలో అంతర గాంధారం. రెండు మధ్యమాలనూ ఒకదాని వెంట ఒకటి తాకుతూ, అరస్వరం చొప్పున దిగే గీత అది. ఎ మైనర్‌లో ప్రతి మధ్యమం లేదు, అంటే మధ్యలో ఒక మెట్టు మాయం. పైగా ఎ7 విన్న చెవి తర్వాత డి వస్తుందని ఎదురుచూస్తుంది. పాట డికి వెళ్లకుండా సికి జారుతుంది. కథలో ముందుంది కూడా ఆశాభంగమే.

కథ ఇదీ. ఒకనాటి తార పరలుమన్ పోలికలున్న పిల్ల చిన్నప్పుడు అతనికి ఎల్ బింబో నాట్యం నేర్పుతుంది. ఏళ్లు గడిచాక, భర్త లేని తల్లిగా ఎర్మితాలో అంట్లు తోముతోందని తెలుస్తుంది. ఒక రాత్రి చీకటి సందులో ఏదో బండి గుద్ది చనిపోతుంది. ఆ తర్వాత పల్లవి ఒక్క మాట మారకుండా తిరిగొస్తుంది, చేతులు పట్టుకుని ఆడిన అదే నాట్యంతో. చివరి చరణం ఎగరగొట్టి పల్లవి దగ్గర ముగించే బృందాలు పాటను తీపిమిఠాయి చేసేస్తున్నాయి. ఏడు నిమిషాలు దాటే పాట నిజమే, అయినా కోయాల్సింది అక్కడ కాదు.

దీనిమీద ఒక ఫిర్యాదు మాత్రం న్యాయమైనది. ఆ అమ్మాయికి పాటలో గొంతే లేదు. ఆమె బతుకంతా అతని జ్ఞాపకానికి ముడిసరుకు. 2018లో ఇదే పేరుతో మనీలాలో వచ్చిన సంగీత నాటకం ఆ లోటును పట్టుకుంది. అందులో జాయ్ అనే అమ్మాయి, ఆమెను ఆపదలో వదిలేసిన ముగ్గురు స్నేహితులు. వీరాభిమానులు కొందరికి అది గిట్టలేదు. ఈ పాటల మీద వచ్చిన ఉత్తమ విమర్శ అదేనని ఈ వ్యాసం అభిప్రాయం.

సెనేటర్ టీటో సోటో 'అలపాప్' పాట మత్తుమందులను ప్రోత్సహిస్తోందంటూ 1995లో చేసిన రభస ఇప్పుడు తలచుకుంటే నవ్వే వస్తుంది. స్వేచ్ఛ గురించిన పాట అని బృందం జవాబిచ్చింది, పాట బతికింది.

2002లో ఎలీ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. 2008 ఆగస్టు 30న బోనిఫాసియో మైదానంలో మళ్లీ కలిసినప్పుడు 15 పాటలయ్యాక అతన్ని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే అతని తల్లి కన్నుమూసింది. మిగతా కచేరీ 2009 మార్చి 7న జరిగింది. తాము ఎన్నడూ ఆప్తమిత్రులం కాదని 2021లో ఎలీయే అన్నాడు. లేని స్నేహాన్ని అభిమానులే ఊహించుకుని, అది విడిపోయిందని ఏళ్లపాటు దుఃఖపడ్డారన్నమాట. అదే ఏడాది పునఃకలయిక ఎప్పుడని అడిగితే, అప్పటి ఉపాధ్యక్షురాలు లేనీ రోబ్రెడో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే అన్నాడు. ఆమె పోటీ చేసి ఓడింది. వీళ్లు 2022 డిసెంబరు 22న పరన్యాకేలో వేదికెక్కారు.

కొత్తగా వినేవాళ్లు 'కటర్‌పిల్లో'తో మొదలుపెట్టడం మేలు. ఆ తర్వాత 1994 నాటి 'సర్కస్'. తొలి ఆల్బమ్‌లో శబ్దం పలచన, కనుక 2018లో రీమాస్టర్ చేసిన (శబ్దం మెరుగుపరిచిన) ప్రతి వెతుక్కోవాలి. 'ఫ్రూట్‌కేక్' ఇంగ్లిష్‌లో చేసిన క్రిస్మస్ ఆల్బమ్, దాన్ని చివరికి అట్టిపెట్టుకోవచ్చు. 2001 నాటి 'కార్బన్ స్టీరియోక్సైడ్'ను మాత్రం జాబితాల్లో అడుగున వేస్తారని వదిలేయకూడదు. చీకటిగా, చిరాగ్గా ఉంటుంది, విడిపోబోతున్న బృందం ఎలా ఉంటుందో అలాగే.