మెయిల్లో ప్యాచ్ పంపేవాళ్లు రాతియుగం వాళ్లా?

ఒంగోలు, కావలి ఇంజనీరింగ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది: "మెయిల్లో కోడ్ పంపడం చచ్చిపోయిన పద్ధతి. గిట్‌హబ్ వచ్చాక ఎవరూ వాడటం లేదు. అలా పంపితే రాసినవారి పేరు పోతుంది, కోడ్ చెడిపోతుంది." నాకే నాలుగుసార్లు వచ్చింది.

ఎవరూ వాడటం లేదా? లినక్స్ కెర్నల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) మార్పులు నేటికీ మెయిల్లోనే వెళ్తాయి. కోడ్‌లో మార్పులన్నీ గుర్తుపెట్టుకునే గిట్‌ను బాగుచేసేవాళ్లు కూడా మెయిల్లోనే ప్యాచ్‌లు, అంటే మార్పులు రాసిన ఫైళ్లు, పంపుకుంటారు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ మొదలుపెట్టింది 2005లో, దాని మీద నడిచే గిట్‌హబ్ వెబ్‌సైటు వచ్చింది 2008లో. కొడుకు పెళ్లిలో తండ్రిని పట్టుకుని "మీరెవరు?" అన్నట్టుంది ఈ వాదన.

పేరు పోతుందనడం మరీ అన్యాయం. 'గిట్ ఫార్మాట్-ప్యాచ్'తో ఒక్కో కమిట్‌కు (గిట్‌లో దాచిన ఒక్కో మార్పుకు) ఒక్కో ఫైలు తయారవుతుంది. తెరిచి చూడండి: పైన రాసినవారి పేరు, తేదీ, విషయం, తర్వాత వివరణ, మూడు చిన్న గీతలు, వాటి కింద మార్పులు. ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ దాన్ని 'గిట్ ఏఎం'తో కలుపుకుంటే రచయితగా మీ పేరే ఉంటుంది, కలిపినవారిగా ఆయన పేరు విడిగా పడుతుంది. 'గిట్ అప్లై' వాడితే మాత్రం మార్పులే వస్తాయి, పేరు రాదు. బహుశా సందేశం రాసినాయన ఇక్కడే పొరబడ్డారు. అన్నట్టు, ఆ మూడు గీతల కింద "రెండో కూర్పులో ఇది సరిచేశాను" అని రాసుకోవచ్చు. మెయింటెయినర్ చదువుతారు, గిట్ చరిత్రలోకి మాత్రం ఎక్కదు.

కోడ్ చెడిపోతుందన్నదాంట్లో సగం నిజముంది. కావలిలో మా పక్కింటి అబ్బాయి బ్రౌజర్లో మెయిల్ తెరిచి ప్యాచ్‌ను అతికించి పంపాడు. ట్యాబులన్నీ స్పేసులయ్యాయి, పొడవాటి వరుసలు మధ్యలో విరిగాయి. అవతల ప్యాచ్ కలవలేదు. పాపం, రెండు గంటలు తన సీ ప్రోగ్రాంలో తప్పు వెతికాడు. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి ఎడమ అంచు చూపిస్తే గానీ నమ్మలేదు. అదే ప్యాచ్‌ను 'గిట్ సెండ్-ఈమెయిల్'తో పంపితే అక్షరం చెదరకుండా చేరింది. చెడగొట్టింది అతికించిన పెట్టె, మెయిల్ కాదు.

'గిట్ సెండ్-ఈమెయిల్'కు మెయిల్ సర్వరు పేరు, పోర్టు, యాప్ పాస్‌వర్డ్ కుదిరేసరికి ఒక పూట పడుతుంది, కాదనను. ముందుగా మీ మెయిల్‌కే పంపుకుని, కొత్త బ్రాంచిలో (కోడ్ విడి శాఖలో), మీ మార్పుకు ముందున్న పాత కమిట్ మీద 'గిట్ ఏఎం'తో కలిపి చూడండి. అక్కడే కలవకపోతే కోడ్‌ను వదిలేసి మెయిల్ సెట్టింగులు వెతకండి.