గడీని హోటల్ చేశారు సరే, వెట్టి కథ ఎక్కడ పెట్టారు?

పాత కోటలు, మహళ్లలో ఒక రాత్రైనా ఉండాలంటే నాకు పిచ్చి, ముందే చెప్తున్నా, ఎందుకంటే ఇది చదివి "నీకు హెరిటేజ్ హోటళ్లంటే పడదా" అని అడుగుతారు. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో రూమ్ తీసుకునే స్థోమత లేకపోయినా మా పెళ్లిరోజుకి హై టీ బుక్ చేసుకుని మరీ వెళ్లొచ్చాం. 1884లో పైగా అనే వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేయించి కట్టించిన మహల్, తర్వాత ఆరో నిజాం చేతికి పోయి, ఆ తర్వాతి కాలంలో ఏళ్ల తరబడి పెద్దగా వాడకం లేకుండా పడి ఉండి, 2010లో తాజ్ వాళ్ల హోటల్‌గా తెరుచుకుంది. ఆ 101 మంది కూర్చునే డైనింగ్ టేబుల్ పక్కన నిలబడితే నాకు నోట మాట రాలేదు. హోటల్ అయింది కాబట్టే ఆ చెక్క, ఆ షాండ్లియర్లు ఇవాళ అంత నిగనిగలాడుతున్నాయి. మన తెలంగాణ పల్లెల్లో దొరలు కట్టుకున్న కోటల్లాంటి గడీలు చూడండి, పైకప్పు కూలిపోయి, గోడల్లో రావిచెట్లు మొలిచి, గుప్తనిధులని ఎవడెవడో నేలంతా తవ్వి పోయిన గడీలెన్ని ఉన్నాయో. కాబట్టి హోటళ్లు చేయొద్దని నేను అనను.

నా బాధ వేరే. మొన్న దసరా సెలవుల్లో ఒక పాత గడీని బాగుచేసి లగ్జరీ స్టే చేశారంటే అందరం కలిసి వెళ్లాం, మా నాయనమ్మని కూడా తీసుకెళ్లాం, ఆమెకి 88 ఏళ్లు. ఆ గడీ ఉన్న ఊరికి రెండూళ్ల అవతలే ఆమె పుట్టింది, చూసి సంతోషపడుతుందనుకున్నా. రాత్రికి 18 వేలు, ఏసీ, ఫిల్టర్ కాఫీ, అన్నీ ఉన్నాయి, డంగు సున్నం గోడలు చేత్తో తడిమితే చల్లగా నున్నగా అద్దంలా ఉన్నాయి, పనివాళ్లకి దండం పెట్టాలి.

కారు దిగి పెద్ద దర్వాజ దగ్గరికి వచ్చేసరికి మా నాయనమ్మ ఆగిపోయింది. వంగి చెప్పులు విడిచింది. విడిచి అక్కడ పెట్టలేదు, చేతిలో పట్టుకుంది. నాకు అర్థం కాలే, గుడి అనుకుందేమో అని "నాయనమ్మా, ఇది హోటలే, వేసుకో" అన్నా. "గడీలకు చెప్పులతోని పోతరా బిడ్డా" అంది, మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు. 80 ఏళ్లయింది, దొర లేడు, దొర కొడుకులు ఊళ్లో లేరు, అయినా ఆమె కాళ్లకి గుర్తుంది. చెప్పులు నేనే తీసుకుని తొడిగా, నా చేతులు వణికాయి.

సాయంత్రం హెరిటేజ్ వాక్ అని ఒక అబ్బాయి తిప్పాడు. దొరవారి వేట, దొరవారి గుర్రాలు, దొరసాని బర్మా టేకు మంచం, ఏ ఉత్సవానికి ఎంతమందికి భోజనాలు పెట్టేవారో అన్నీ చెప్పాడు. ముప్పావు గంటలో వెట్టి, అంటే దొరకి కూలి లేకుండా చేసిన చాకిరీ, ఆ మాట ఒక్కసారి రాలేదు. ఉండబట్టలేక అడిగా. "అవి గెస్టులకి చెప్పొద్దన్నారు సార్, మూడ్ పాడవుద్దని" అన్నాడు పాపం, వాడి తప్పేం లేదు, స్క్రిప్ట్ ఇచ్చినోళ్లది.

మూడ్ ఏంటండీ? చరిత్ర కోసమే కదా మామూలు హోటల్‌కి ఇచ్చేదానికి మూడింతలు ఇచ్చి వచ్చాం. చాకలి, కుమ్మరి, మంగలి, మాదిగ, ఇలా ఎన్నో కులాలు పైసా తీసుకోకుండా చేసిన చాకిరీ మీద నిలబడ్డాయి ఈ గడీలు. 1946 జులై 4న కడివెండిలో విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాకే కదా తెలంగాణ సాయుధ పోరాటం అంటుకుంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అదే దొర మీద తన పంట కోసం నిలబడింది. ఈ కథలన్నీ గడీల చుట్టూ జరిగినవే, వీటిని తీసేస్తే గడీలో మిగిలేది మంచాలు, కుర్చీలు.

జోధ్‌పూర్‌లో ఉమైద్ భవన్ చూడండి, కరువొచ్చి జనం అల్లాడుతుంటే రాజు కరువు పని కింద మొదలుపెట్టించాడు, 1929 నుంచి 1943 దాకా వేలమంది కట్టారు, ఆ మహల్ గురించి ఎవరు చెప్పినా ముందు కరువు సంగతే చెప్తారు. ఒక భాగం మ్యూజియం, రూమ్ తీసుకోనోళ్లు కూడా టికెట్ కొనుక్కుని చూడొచ్చు. అమెరికాలో లూసియానాలో విట్నీ ప్లాంటేషన్ అని ఉంది, 2014లో మ్యూజియంగా తెరిచారు, అక్కడ తోట యజమాని కథ పక్కనపెట్టి బానిసలుగా బతికినవాళ్ల వైపు నుంచి చెప్తారు. జనం రావట్లేదా? వస్తున్నారు. గెస్టులకి నిజం చెప్తే పారిపోతారనుకోవడం మనల్ని చిన్నచూపు చూడటమే.

మర్నాడు పొద్దున నాయనమ్మ చీకటితోనే లేచింది. ఆమెని పట్టుకుని వెనక వాకిలి వైపు నడిపించా. ఇప్పుడు స్పా అని బోర్డు పెట్టిన అర్ర ముందు ఆగి, నేల చూపించి, వాళ్లమ్మ ఇక్కడే వడ్లు దంచేదని, తాను చాటతో తవుడు చెరిగేదాన్నని, ఆకలైతే రెండు గింజలు నోట్లో వేసుకుంటే దొరసాని మనిషి నోరు తెరిపించి చూసేదని చెప్పింది. గడపకి ఎడమపక్క రాయిలో ఒక గుంట ఉంది, రోలు అది, ఇప్పుడందులో నీళ్లు పోసి గులాబీ రేకులు వేశారు. నాయనమ్మ దాని అంచు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలానే నిలబడింది. నేను ఫోన్ తీసి రికార్డ్ చేశా, 22 నిమిషాలు.

ఆ ఆడియో హోటల్ వాళ్లకి పంపించా. ఆ రోలు పక్కన ఇది వెట్టి చేసిన ఆడవాళ్లు వడ్లు దంచిన చోటు అని ఒక పలక పెట్టమని, వాక్‌లో ఐదు నిమిషాలు దాని గురించి చెప్పమని అడిగా, పలక ఖర్చు నేనే పెట్టుకుంటానన్నా. పది రోజులైంది, ఇంకా జవాబు రాలేదు. సోమవారం మళ్లీ ఫోన్ చేస్తా.