చిందుకు పదిహేను గజాలు

ఏడాది ముగుస్తుంటే ‘అత్యంత వినోదం పంచిన క్రీడాకారులు’ అంటూ జాబితాలు మొదలవుతాయి. పరుగుకు గడియారం ఉంది, దూకినదానికి టేపు ఉంది, ఎత్తినదానికి తూకం ఉంది. గీత దాటాక భుజం ఎలా ఎగరేశాడు, మెడలో గొలుసు ఏ తాళానికి ఊగింది, టోపీ ఎన్ని డిగ్రీలు పక్కకు తిరిగింది అన్నదానికి మాత్రం ఏ కొలతా లేదు. ఎవరికి నచ్చినవాడికి వాళ్లు కిరీటం పెట్టేస్తున్నారు. క్రీడాకారుల హిప్‌హాప్ పోకడ వంటి గంభీరమైన విషయాన్ని జనం ఇష్టానికి వదిలేయడం బాధ్యతారాహిత్యమని మా దృఢాభిప్రాయం. ఆనందానికి ఒక పద్ధతి ఉండాలి. దరఖాస్తు ఫారం కూడా ఉంటే మరీ మంచిది.

కొలబద్ద కోసం ఎక్కడో వెతకనక్కరలేదు. 2024 ఆగస్టు 9, 10 తేదీల్లో పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ అనే హిప్‌హాప్ నాట్యంలో పోటీలు జరిగాయి. న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో 1970లలో పుట్టిన చిందును ప్లాస్ ద లా కాంకోర్డ్‌లో తొమ్మిదిమంది న్యాయనిర్ణేతల ముందు నిలబెట్టారు. టెక్నిక్, స్టెప్పుల సంపద, తడబడకుండా చేయడం, సంగీతంతో కలవడం, కొత్తదనం అని ఐదు అంశాలు, ఒక్కోదానికి 20 శాతం. గ్రూపు దశలో ఒక్కో పోటీకి రెండు రౌండ్లు, అంటే 18 ఓట్లు.

పని ఎలా సాగుతుందో కాస్త చెప్పుకోవాలి. పాట ఏదో డాన్సర్‌కు ముందు తెలియదు, డీజే ఏది వేస్తే అదే. నిలబడి వేసే టాప్‌రాక్‌తో మొదలుపెట్టి, చేతులు నేలకు ఆనించి ఫుట్‌వర్క్‌లోకి దిగి, అక్కడినుంచి విండ్‌మిల్ లాంటి పవర్ మూవ్ ఎత్తుకుని, చివరికి ఫ్రీజ్‌లో బిగుసుకోవాలి. విండ్‌మిల్‌లో కాళ్లు బార్లా చాచి వీపు పైభాగం మీద దొర్లాలి. కొత్తవాళ్లు భయంతో కాళ్లు ముడుస్తారు, నడుము కింద పడుతుంది, ఊపు చచ్చిపోతుంది. ఫ్రీజ్ అంటే ఊరికే ఆగడం అనుకునేవాళ్లు ఎక్కువ. డ్రమ్ము దెబ్బ పడ్డ క్షణానికే ఆగితేనే ఫ్రీజ్. ఆ తర్వాత ఎప్పుడో ఆగితే దాన్ని అలుపు అంటారు. ఎదుటివాడు స్టెప్పు దొంగిలిస్తే ముంజేతులు రెండూ మొసలి నోరులా తెరిచి మూస్తారు. పట్టు తప్పి కూలబడితే అరచేత్తో నేలను చరుస్తారు. ఇంత శుభ్రమైన ఫిర్యాదుల వ్యవస్థ చాలా ప్రభుత్వాలకే లేదు.

ఈ వ్యవస్థలో ఆస్ట్రేలియాకు చెందిన రేగన్‌కు మూడు పోటీల్లో మొత్తం 54 ఓట్లకు సున్నా వచ్చింది. సిడ్నీ బ్రేకింగ్ మీదే డాక్టరేట్ చేసిన విదుషి, కంగారూలా గెంతారు. స్వర్ణాలు గెలిచినవాళ్లు జపాన్ బి-గర్ల్ (బ్రేకింగ్ చేసే అమ్మాయి) అమీ, కెనడా బి-బాయ్ (అబ్బాయి) ఫిల్ విజార్డ్. జనం పేరు గుర్తుపెట్టుకుంది మాత్రం సున్నా వచ్చిన ఆవిడది. శరణార్థుల జట్టు నుంచి వచ్చిన మనీజా తలాష్ ‘అఫ్గాన్ మహిళలకు స్వేచ్ఛ’ అన్న అర్థం వచ్చే మాటలు రాసిన కేప్ విప్పి చూపినందుకు అనర్హురాలైంది. కంగారూ గెంతుకు రూల్ అడ్డురాలేదు, స్వేచ్ఛకు వచ్చింది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగే లేదు. హిప్‌హాప్‌ను ప్రపంచానికిచ్చిన దేశం తన ఇంట్లో పెళ్లికి ఆ పిల్లను పిలవడం మర్చిపోయింది.

పారిస్ కొలబద్ద పట్టుకుని పాత రికార్డులు తిరగేస్తే ముందు తగిలేది బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్. అల్లిన జడలు, ఒంటినిండా పచ్చబొట్లు. 1999 చివర్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ సొంత పత్రిక ముఖచిత్రం మీద ఆయన్ను వేసి, పచ్చబొట్లను మాత్రం కంప్యూటర్‌లో తుడిచేసింది. అంత చర్మసౌందర్యం ఏ లేపనమూ ఇవ్వలేదు. 2001లో కుడి మోచేతికి బర్సైటిస్ అనే వాపు వస్తే భుజందాకా ఒక గుడ్డ గొట్టం తొడిగి ఆడాడు. కొద్దికాలానికే లీగంతా ఆ గొట్టాలు కనిపించాయి. వాపు లేనివాళ్లకు కూడా అంటుకున్న మొదటి వాపు అదే. అదే ఏడాది జూన్ 6న ఫైనల్స్ మొదటి ఆటలో 48 పాయింట్లు కొట్టి, కింద పడ్డ ప్రత్యర్థి టైరన్ లూ మీదుగా, వాకిట్లో నీళ్ల గుంట దాటినట్టు, కాలెత్తి దాటాడు. మా లెక్కన టెక్నిక్ 20కి 20. సంగీతం విషయంలో మార్కులు కోయక తప్పదు. 2000లో ఆయన విడుదల చేసిన ర్యాప్ పాటలోని మాటలకు లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ మందలించాడు. ఆ ఒక్క మందలింపులో న్యాయం ఉంది, మాటలు నిజంగా రోతగా ఉన్నాయి. ఆల్బమ్ బయటికి రాలేదు.

2005 అక్టోబరులో అదే స్టెర్న్ లీగుకు దుస్తుల నియమావళి తెచ్చాడు. జట్టు పని మీద ఉన్నప్పుడు నిక్కర్లు, టీషర్టులు, చేతుల్లేని చొక్కాలు కూడదు. ఇంటి కప్పు కింద నల్లకళ్లద్దాలు కూడదు. చొక్కా పైన గొలుసులు, పతకాలు కూడదు. అంటే గొలుసు చొక్కా లోపల ఉంటే క్రీడాకారుడు, బయట ఉంటే ముద్దాయి. తర్వాతేమైంది? కాదన్నకొద్దీ కుర్రాళ్లు దర్జీల దగ్గరికి పరిగెత్తారు. ఈరోజు ఆటకు ముందు బస్సు దిగి లోపలికి నడిచే ఆ కారిడార్‌లో కెమెరాలు కాపుకాస్తాయి. ఒకప్పుడు నోటీసు పంపించే పోకడే ఇప్పుడు ప్రచారం. స్టెర్న్‌కు ఫ్యాషన్ రంగం ఒక శిలావిగ్రహం బాకీ ఉంది. సూటులోనే పెట్టాలి సుమా.

అమెరికన్ ఫుట్‌బాల్‌కు వస్తే శాస్త్రం ఇంకా ముదిరింది. 1988లో సిన్సినాటి బెంగాల్స్ తరఫున అడుగుపెట్టిన ఇకీ వుడ్స్ టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) తర్వాత ఒక చిందు వేసేవాడు. కావాలంటే ఎవరైనా వేసుకోవచ్చు: పాదాలు కుడికి జరిపి బంతిని కుడివైపు చాచాలి, ఎడమకు జరిపి ఎడమవైపు చాచాలి, ఆపైన కుడివైపుకు మూడు చిన్న గెంతులు, చివర్లో బంతిని నేలకేసి కొట్టాలి. మొత్తం ఇంతే. ఫుట్‌బాల్ లీగ్ దీన్ని మైదానం బయటికి పంపింది. ఆయన అక్కడ, బెంచీల వెనక, బుద్ధిగా వేసుకున్నాడు. మితిమీరిన సంబరానికి శిక్ష జట్టును 15 గజాలు వెనక్కి జరపడం. ఎదుటివాడి హెల్మెట్ కమ్మీ పట్టుకుని మెడ మెలితిప్పినా శిక్ష 15 గజాలే. మెడా నడుమూ రెండింటికీ ఒకే ధర పెట్టిన ఈ సమదృష్టిని వేదాంతులు గమనించాలి.

2002లో టెరెల్ ఓవెన్స్ సాక్సులోంచి మార్కర్ పెన్ను తీసి బంతి మీద సంతకం పెట్టాడు. 2003లో జో హార్న్ గోల్ స్తంభం మెత్తలో దాచిన సెల్‌ఫోన్ తీసి మాట్లాడాడు. జరిమానా 30,000 డాలర్లు, చార్జీలు అదనమో కాదో తెలియలేదు. 2006లో వస్తువుల వాడకమూ నేలమీద పడి చేసే వేషాలూ రెండూ నిషిద్ధమయ్యాయి. 2017లో తిరిగి తలుపులు తెరిచారు. బంతిని వాడుకోవచ్చు, గుంపుగా ఆడొచ్చు, నేలమీద దొర్లొచ్చు. గోల్ కమ్మీ మీదుగా బంతిని డంక్ చేయడానికి (ఎగిరి పైనుంచి దంచడానికి) మాత్రం మినహాయింపు లేదు. 2013లో జిమ్మీ గ్రాహం అలా చేస్తే కమ్మీ వంగి, దాన్ని సరిచేసేదాకా ఆట ఆగింది. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లను చూశాం, ఇక్కడ ఆడి మద్దెలనే ఓడుచేశారు.

నిబంధనలు కఠినమని ఏడ్చేవాళ్లు ఆస్పత్రి రికార్డులు చూడాలి. 2001 డిసెంబరులో అరిజోనా కిక్కర్ బిల్ గ్రమాటికా ఫీల్డ్ గోల్ కొట్టి సంతోషంతో గాల్లోకి ఎగిరాడు, దిగేసరికి మోకాలి లిగమెంట్ తెగింది. 2014 సెప్టెంబరులో డెట్రాయిట్ ఆటగాడు స్టీఫెన్ టలోక్ ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరే ఆటగాణ్ని) పడగొట్టి, ఆ క్వార్టర్‌బ్యాక్ సంబరాన్నే అనుకరిస్తూ అదే లిగమెంట్ తెంచుకున్నాడు. (బ్రేకింగ్‌లో అయితే మొసలి నోరు చూపించి వదిలేసేవాళ్లు.) ఆ మరుసటి నెలలోనే షికాగో ఆటగాడు లమార్ హ్యూస్టన్, తన జట్టు 25 పాయింట్లు వెనకబడి ఉండగా క్వార్టర్‌బ్యాక్‌ను ఒక్కసారి పడగొట్టినందుకు గాల్లోకి లేచి, అదే తీగ తెంపుకున్నాడు. కారణం మూడుచోట్లా ఒకటే. పరుగులో కాలు ఎక్కడ పడుతుందో కన్ను చూస్తుంది, సంబరంలో కన్ను గ్యాలరీని చూస్తుంది. పాదం గడ్డిలో నాటుకుని ఒళ్లు మాత్రం తిరిగితే నడుమనున్న మోకాలే నలుగుతుంది. బి-బాయ్‌లు చేతులు ముందు ఆనించాకే కాళ్లు లేపేది అందుకే.

పాట సంగతి కూడా తేల్చాలి. షికాగో బేర్స్ ఫుట్‌బాల్ జట్టువాళ్లు 1985 సీజన్ మధ్యలోనే తాము గెలవబోయే సూపర్ బౌల్ ఫైనల్ గురించి ర్యాప్ పాడేశారు. ఆ వీడియో తీసింది డిసెంబరు 3న, ఆ సీజన్‌లో వాళ్లు ఓడిన ఒకే ఒక ఆట మర్నాడు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత వాళ్లకు తెలియదు కాబట్టి 1986 జనవరిలో ఆ సూపర్ బౌల్ 46-10తో గెలిచి కూర్చున్నారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు షకీల్ ఓనీల్ 1993 ర్యాప్ ఆల్బమ్ ప్లాటినమ్ స్థాయికి అమ్ముడైంది. ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసే ఫ్రీ త్రోలు మాత్రం జీవితమంతా 52.7 శాతం దగ్గరే. మైకు నోటి దగ్గరుంది, బుట్ట 15 అడుగుల అవతలుంది, పోల్చడం భావ్యం కాదు. ర్యాప్ పాడే మరో బాస్కెట్‌బాల్ ఆటగాడు డామియన్ లిల్లార్డ్ రికార్డింగ్ గదిలోనూ కోర్టులోనూ ఒకే మనిషి. 2019 ఏప్రిల్‌లో 37 అడుగుల నుంచి బంతి వేసి ఓక్లహోమా సిటీ జట్టు సీజన్ ముగించి, ప్రత్యర్థి బెంచీవైపు చెయ్యి ఊపి వీడ్కోలు చెప్పాడు. ఒక్క చెయ్యి, అంతే. ఇకీ వుడ్స్ మూడు గెంతులకన్నా పొదుపు.

అయినా ఈ ఏటి బిరుదు వీళ్లెవరికీ ఇవ్వలేం. ఐదు అంశాలూ కలిపి చూస్తే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఒక్కరే నిలుస్తున్నారు. ఆయన నడుము దగ్గర పసుపు గుడ్డ ఉంటుంది, ఎవరైనా తప్పు చేస్తే దాన్ని గాల్లోకి విసురుతాడు. వస్తువుల వాడకం మీద నిషేధం ఆయనకు ఎన్నడూ వర్తించలేదు. స్టేడియం అంతా నిశ్శబ్దమయ్యాక ఒంటిమీది మైకు ఆన్ చేస్తాడు. తప్పు పేరు, ఆటగాడి నంబరు, గజాలు, అన్నీ ఒక్క ఊపిరిలో, ఒక్క మాటా దొర్లకుండా. ఆ తప్పు మితిమీరిన సంబరమైతే రెండు చేతులూ పక్కలకు బారచాచి, అరచేతులు నేలవైపు తిప్పి, కదలకుండా నిలుస్తాడు. అంత శుద్ధమైన ఫ్రీజ్ పారిస్‌లోనూ పడలేదు. ఆ భంగిమను దశాబ్దాలుగా ఒకరినుంచి ఒకరు మక్కీకి మక్కీ దించుకుంటున్నా ఎవరూ మొసలి నోరు చూపించలేదు. ఇంత చేసినా రెఫరీ మీద ఇంతవరకు ఒక్క పసుపు గుడ్డా పడలేదు.